మా బావ కొనుక్కున్న చప్పుడు

ధర్మవరంలో మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన తప్పిన మాట. చావు కబురు విన్నవాడికి రావలసిన ఆలోచన కాదది. కానీ అదే వచ్చింది. డెబ్బై దాటినవాణ్ణి, వచ్చినదాన్ని వచ్చినట్టే రాస్తాను.

ఆ మాట ఆయన పెనుకొండలో ఇచ్చాడు. మా హిందూపురంలో ఒక పాత డీజిల్ కారును నేనే వెతికి, నేనే బేరమాడి ఆయనకు ఇప్పించాను. ధర్మవరం తోలుకుపోతూ పెనుకొండలో టీకి ఆగాం.

"బావా, కంపెనీ వాళ్లు బిగించింది ఒక్క నట్టు కూడా కదిలించొద్దు" అన్నాను.

ఆయన గ్లాసు పక్కన పెట్టి నా చేతిలో చెయ్యేశాడు. "కదిలిస్తే నేను నీ బావనే కాదు పోప్పా!"

మా బావ పట్టు నేతగాడు. తాను నేసినవీ, తోటివాళ్లు నేసినవీ చీరలు హిందూపురం అంగళ్లకు చేర్చేవాడు. ధర్మవరంలో ఆయన చెవికి పేరు. కొత్త మగ్గం పెట్టినవాళ్లు ఆయన్ని పిలిచి, స్టూలు వేసి కూర్చోబెట్టి, మగ్గం ఆడించి దాని దెబ్బ చప్పుడు వినిపించేవాళ్లు. ఆయన మగ్గం కట్టె మీద ఒక చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. నేత గట్టిగా పడుతోందో వదులుగా పడుతోందో చెప్పేవాడు. ఆయన తల ఊపాకే వాళ్లు చీర మొదలుపెట్టేవాళ్లు. "కన్ను మోసం చేస్తాదప్పా, దెబ్బ చెయ్యదు" అనేవాడు.

కారు నడపడంలో మాత్రం ఆయనకొక చెడ్డ అలవాటు ఉండేది. ఇంజిన్ నడుస్తుండగానే మళ్లీ తాళం తిప్పేవాడు. కర్రుమని అరిచేది. నేను నవ్వేవాణ్ణి. నేనేదైనా చెబుతుంటే "గట్టిగా చెప్పప్పా, కాలేజీలో పాఠం చెప్పినట్ల" అని ఆయనా నన్ను ఎగతాళి చేసేవాడు. అది ఎగతాళే అనుకున్నాను.

ఒక ఆదివారం మా వీధి మొదట్లో పులి అరిచినట్టు అరుపు. జనం వాకిళ్లలోకి వచ్చారు. దిగింది మా బావ. గర్వంగా బానెట్ ఎత్తాడు. ఎయిర్ ఫిల్టర్ ఉండే నల్ల డబ్బా లేదు. దాని చోట గరాటులా ఎర్రటి ఫిల్టర్ ఒకటి బయటికి కనబడుతోంది.

"కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అంట. ఇంజిన్‌కి చల్లగాలి తాపిస్తాది. ట్యూనింగ్ గూడా కొట్టించినా. దుడ్లు పోతే పోనీలే, ఇనూ, ఎట్లుండాదో!"

హిందూపురంలో కార్లకు సోకులు చేసే అంగడివాడొకడు అంటగట్టాడు. వాడి పేరు రాసి ఈ కాగితం పాడు చేసుకోను. బలం పెరుగుతుంది, మైలేజీ కూడా పెరుగుతుందని చెప్పాడట. ఒక్క గరాటుతో అన్ని వరాలిచ్చేవాడు అంగడి ఎందుకు పెట్టుకున్నట్టు?

"బావా, కంపెనీ డబ్బా పీల్చేది బయటి గాలినే. ఇది బానెట్ కింద కాగిన గాలి పీలుస్తాంది. పేరు చల్లగాలి, తాగేది వేడిగాలి" అన్నాను.

"మల్ల ఇంత చప్పుడు యాడిది?"

"చప్పుడును మింగే డబ్బాను పీకేస్తివి గదా!"

"నువ్వు సదివినోనివి. నేను ఇన్నోన్ని" అన్నాడు, నవ్వుతూ.

ఇంజిన్ కంప్యూటర్‌లో లెక్కలు మార్చే ఆ ట్యూనింగ్ గురించి మాత్రం అబద్ధమాడను. టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్‌కి దానితో లాగుడు పెరుగుతుంది. కానీ ఆ లాగుడంతా మోయవలసింది పాత క్లచ్. అదీ చెప్పాను. వినలేదు.

క్లచ్ కాలిపోయింది. అదీ పెనుకొండ దగ్గరే. నేను బస్సులో వెళ్లేసరికి, రోడ్డు పక్కన చీరల మూటల మీద కూర్చుని ఉన్నాడు. కాలిన వాసన ఇంకా పోలేదు.

"ఇప్పుడైనా పాత డబ్బా పెట్టించు బావా."

"క్లచ్ కొత్తది ఏపిస్తా. ట్యూనింగ్ తీపిస్తా. ఇది మాత్రం తియ్యనబ్బా."

"ఎందుకని?"

"నీకు తెలీదులే."

ఎన్నో పుస్తకాలు చదివినవాణ్ణి, నాకు తెలియదన్న మాట పడలేదు. "మాట తప్పినవాడి బండి ఇంక ఎక్కను" అని వచ్చిన బస్సెక్కి వచ్చేశాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన మా వీధికి రాలేదు. నేను వాళ్లింటికి పోలేదు. పోయింది మొన్ననే, పాడె లేచే వేళకు.

దినాలయ్యాక అక్కతో మగ్గాల గదిలో కూర్చున్నాను. కారు వాకిట్లో ఉంది. ఆ ఎర్ర గరాటు ఇంకా ఉందా అని అడిగాను.

"ఉండాది. దాన్ని తియ్యనిస్తాడా ఆయప్ప!" అంది అక్క. "ఆయప్పకి మగ్గం దెబ్బ ఇనపడక శానా కాలమాయరా" అంది.

నాకు అర్థం కాలేదు. "మరి కొత్త మగ్గాలోళ్లు పిలిస్తే?"

"కట్టె మీద చెయ్యి పెట్టి, అదురు చూసి చెప్తాండె. కారు కొన్నాక ఇంజిన్ ఆన్ అయిందో లేదో తెలీక అగచాట్లు పడె. ఆ గరాటు బిగించిన దినం వాకిట్లో ఆపి, 'నాకు ఇనపడతాందే, ఇనపడతాందే' అంటా దిగనే ల్యా."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"ఎవురికీ చెప్పొద్దని నాతో మాట తీసుకునె. చెవి పాయనని వీధిలో తెలిస్తే మగ్గం కాడికి ఎవురు పిలుస్తారు?"

"నేను వీధినా?"

అక్క లోపలికి పోయి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఒకసారి ఆన్ చెయ్యరా" అంది.

ఆన్ చేసి యాక్సిలరేటర్ తొక్కాను. ఆ అరుపుకు పక్కిళ్ల మగ్గాలు ఒక్క క్షణం ఆగాయి. ఆ గరాటు వల్ల బలం రాదని నేను ఇప్పటికీ అంటాను, ఎవరితోనైనా వాదిస్తాను. అక్క వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడింది. నేను కాలు తీయలేదు.

బావ నాకిచ్చిన మాట తప్పాడు. ఆయన మీద కోపం పోయింది. గరాటు అమ్మినవాణ్ణి కూడా పోనీలే అనుకున్నాను. కానీ అంతా తెలిసి, మేమిద్దరం ముఖాలు చూసుకోకుండా ముసలివాళ్లమవుతుంటే చూస్తూ, ఆయనకిచ్చిన మాటను కడదాకా నిలబెట్టుకున్న మనిషి ఒకతె ఉంది. నేను ఇప్పటికీ తప్పుపట్టేది మా అక్కనే.