రెండు నిమిషాల పట్టీ

సోమవారం పొద్దున బాపు బయటి నుంచి వచ్చి, "ల్యాబ్ అత్త పోయింది బిడ్డా" అని గడపలోనే కూర్చున్నాడు. నిద్రలోనే గుండె ఆగిందట.

అత్త మాకు చుట్టం కాదు. గద్వాలలో మాది మగ్గాల వీధి, ఆమెది చర్చి వెనుక వీధి. దవాఖానలో రక్తం, మూత్రం పరీక్షలు చేసేది. బాపును అన్నా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. రంగు చూసి తేల్చే పరీక్ష ఏదైనా సరే, ఇంకొకరికి చూపించకుండా రాసేది కాదు. "ఒక్క కన్ను ఆశపడతది. రెండో కన్నుండాలె" అనేది.

మూడేళ్ల కింద బాపు ఎడమ మోకాలు వాచింది. మగ్గం గుంటలో తేమకు పట్టిందనుకుని నాటువైద్యుని దగ్గర పసరు కట్టు కట్టించుకున్నాడు. కట్టు కింద ఏమవుతోందో నాలుగు రోజులు ఎవరమూ చూడలేదు. జ్వరానికి మాత్రలు ఇచ్చింది నేనే.

అయిదో రోజు అత్త ఇంటికొచ్చి బాపు నుదురు ముట్టుకుంది.

"కట్టు ఇప్పు అన్నా."

"గుంట నెమ్ము చెల్లె, గంతే. వారం దాకా ఇప్పొద్దన్నడు."

"నెమ్ముకు గింత జరమొస్తదా? పోగు తప్పు పడితే దినమంత కూసోని ఇప్పుతవు. గీ గుడ్డ ఇప్పనీకి ఏమొచ్చె?"

విప్పితే మోకాలు ఎర్రగా ఉబ్బి నిగనిగలాడుతోంది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం.

డాక్టరు మోకాలిలోంచి సూదితో నీరు తీశారు. చీము పుట్టి ఉంటే కీలును తినేస్తుందని, ఆలస్యమైతే కాలు వంగదని చెప్పారు. కాలు వంగకపోతే బాపు మగ్గం గుంటలోకి దిగి నేయలేడు. క్రిములను పెంచి చూసే పెద్ద పరీక్ష ఫలితం రావడానికి రోజులు పడతాయి. "రంగు మారే పరీక్ష పట్టీ ఒక్కటే తేల్చదు. కానీ ఈ జ్వరానికి తోడు అది ముదురు రంగుకు తిరిగితే నేను ఆగను. ఇవాళే మహబూబ్‌నగర్ పంపి ఆపరేషన్ చేయిస్తాను" అన్నారు.

అది మూత్ర పరీక్షకు వాడే పట్టీయే. నీటిలో నెత్తురు కలిసింది. అట్లాగే ముంచితే రంగు తప్పు చూపిస్తుందని అత్త గొట్టాన్ని యంత్రంలో తిప్పింది. ఆ కాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాను. తర్వాత పైన తేరిన నీటి చుక్క పట్టీ మీద వేసి, గడియారం చూసి, డబ్బా మీది రంగుల గళ్లను నా ముందుకు తిప్పింది.

"రెండు నిమిషాలు. చూసి చెప్పు కోడలా."

పట్టీ మీది తెల్లని గడి ఊదా రంగుకు తిరిగింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. తలుపు అవతల బల్ల మీద బాపు నన్నే చూస్తున్నాడు.

"లేతది" అన్నాను.

అత్త కోప్పడలేదు. "నాకు చెప్తున్నవా, మీ బాపుకు చెప్తున్నవా? రంగుకు మొహమాటముండది. మళ్ల చూడు."

"ఆఖరి గడి అత్తా. ముదురుది."

"నాకూ గదే కనపడ్తాంది" అని పట్టీ పట్టుకుని డాక్టరు గదికి నడిచింది. ఆమె పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ పరుగెత్తలేదు, కానీ చెప్పులు మాత్రం ల్యాబ్ గుమ్మంలోనే ఉండిపోయాయి.

ఆ సాయంత్రమే మహబూబ్‌నగర్‌లో కీలు తెరిచి కడిగారు. పెద్ద రిపోర్టు వచ్చేసరికి బాపుకు జ్వరం దిగి మూడు రోజులైంది. నా అబద్ధం గురించి అత్త ఎవరికీ చెప్పలేదు. నేనూ ఇవాళే చెబుతున్నాను.

మంగళవారం చర్చి నుంచి పెట్టె లేపేటప్పుడు బాపు ముందుకు వెళ్లాడు. "నీ మోకాలు పైలం మామా, మేమున్నం గదా" అన్నాడు అత్త కొడుకు. బాపు తువ్వాలు మడిచి భుజం మీద వేసుకుని పెట్టెకు భుజం పట్టాడు. సమాధుల తోటకు ఎర్రమట్టి ఎక్కుడు దారి. నేను వెనుక నడుస్తూ ఆయన ఎడమ కాలినే చూశాను. ప్రతి అడుగుకూ అది కొంచెం ఆలస్యంగా వంగింది. వంగింది.