సీరియల్ ముగింపు మీద మా అరుగు తగువు

ఆ శనివారం మా అరుగు మీద జరిగిన మాటలు వీధిలో రెండు రకాలుగా తిరుగుతున్నాయి. నేనొక కాపురం చెడగొట్టానని కొందరు, నిలబెట్టానని కొందరు. రెండూ నిజం కావు. ఆ మాటల్లో సగం నావే కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాసిపెట్టాలి. పేర్లు రాయొద్దన్నది మా పొరుగింటి వదినగారి షరతు.

వదినగారి భర్త నాకు వరసకి అన్నగారు. ఖతర్ వెళ్లి ఆరేళ్లయింది. అందులో నాలుగేళ్లు ఫోను లేదు, కబురు లేదు. ఆ శనివారానికి పది రోజుల ముందు ఒక్క సంచీతో దిగారు. వదినగారు గొడవ పెట్టలేదు, లోపలికీ రానివ్వలేదు. కొబ్బరికాయలు వేసే పాకలో పక్క చూపించి, పూటపూటా కంచం అక్కడికే పంపుతున్నారు. మాటలు లేవు. ఉంచుకుంటారో, వెళ్లమంటారో ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నాలు వదినగారితో సహా మేం ఆడవాళ్లం మా అరుగు మీద చీపుర్లకి కొబ్బరి ఈనెలు తీస్తూ, కిటికీలోంచి టీవీ చూస్తాం. ఆ రోజు అయిదేళ్లుగా చూస్తున్న సీరియల్ ఆఖరి భాగం. ఇల్లు వదిలిపోయిన భర్త తిరిగొచ్చాడు, తల్లి కాళ్ల మీద పడి ఏడ్చాడు, భార్య కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చింది. అంతే, అయిపోయింది.

"ఎంత బావుందే! కొంప నిలబడింది" అని మా పిన్ని కళ్లు తుడుచుకుంది.

నాకు ఒళ్లు మండింది. పదో తరగతి దాటకపోయినా మా శాఖా గ్రంథాలయంలో నవలల బీరువా మొత్తం చదివినదాన్ని. "ఏం బావుంది పిన్నీ? అయిదేళ్లూ పెళ్లాం ఏమైందో అడగనోడు వారంలో దేవుడైపోతాడా? మారేడంటే ఆ మార్పు ముందే ఎక్కడో కనబడాలి. ఊరికే ఏడిపించేసి గుమ్మం లోపలికి తెచ్చేసేరు!"

"కూతురికి జొరమొచ్చినప్పుడు మందులు పంపలేదేటి? నువ్వా రోజు లైబ్రరీలో ఉన్నావులే."

ఆ భాగం నేను నిజంగానే చూడలేదు. ఓడిపోతానేమోనని గొంతు పెంచాను. "పంపితే సరిపోద్దా? అలాంటోడికి ఆ ఇంట్లో చోటివ్వడం కథకే అన్యాయం!"

మెట్ల కింద కత్తి చప్పుడు ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది. మూడు రోజులుగా అన్నగారు, ఎవరూ అడక్కుండానే, మట్టలు లాక్కొచ్చి మాకు ఆకు కోసి పెడుతున్నారు. పిన్ని నా మోకాలు గిల్లి, "నీ చదువు తగలెయ్య" అని గొణిగింది. "సీరియల్ గురించేనండీ" అన్నాను నేను. ఆ మాటతో ఇంకా పాడైంది.

వదినగారు చేతిలో ఈనె వదల్లేదు. "ఆపేసేరేంటండీ? చోటివ్వాలంటే ఏం చూపించాలి మరి? చదివినోరు కదా, చెప్పండి."

నేనేం చెబితే ఆ మనిషి సంచీ సర్దుకుంటాడో అని భయమేసింది. చదివినవేవీ అక్కరకి రాలేదు. "నాకు తెలీదండీ. ఆవిడ అతన్ని ఒక్క ముక్కా అడగలేదు. నీళ్లిచ్చేసింది. నాకు నచ్చనిది అదేనండి" అన్నాను.

వదినగారు మెట్ల వైపు తిరిగారు. "ఫోనెందుకు చెయ్యలేదు?"

"పనిలో పెట్టుకున్న అరబ్బు పాస్‌పోర్టు లాగేసుకున్నాడు..." అని ఆగారాయన. "అది ఆఖర్లో. ఫోనుంది. ముందు రెండు నెలలు చెయ్యలేదు. తర్వాత ఏ మొహంతో చెయ్యాలో తెలీలేదు."

టీవీలో సబ్బుల ప్రకటన గట్టిగా వస్తోంది.

"ఇవాల్టికిది చాలు. మిగతాది రేపడుగుతాను" అన్నారు వదినగారు.

"ఆయ్" అని ఆయన మళ్లీ కత్తి తీసుకున్నారు.

అప్పట్నుంచి రోజుకొకటి అడుగుతున్నారు. కొన్నిటికి జవాబొస్తోంది, కొన్నిటికి ఆయన తల దించుకుంటున్నారు. నేనిది రాసేనాటికి కంచం పాకలోంచి వాళ్ల అరుగు మీదకొచ్చింది. ఇంకా లోపలికి వెళ్లలేదు.

ఎవరేమన్నదీ వరస తప్పకుండా గుర్తుచేసి, ఆ మందుల భాగం కథంతా కూర్చోబెట్టి వినిపించిన పిన్నికీ, చిత్తుప్రతికి కాగితాలిచ్చిన లైబ్రేరియన్ గారికీ రుణపడి ఉన్నాను. ఆ రోజు అన్నగారు ఏడ్చారని చిత్తుప్రతిలో రాస్తే "నేనేడవలేదండి, కొట్టెయ్యండి" అని దిద్దిన ఆయనకీ, మొత్తం చదివి, ఆ కొట్టేసిన వాక్యం మీద వేలు పెట్టి "ఏడ్చేరు, ఉంచండి" అన్న వదినగారికీ కూడా.