గీకేసిన అంకెలు

మా వీధిలో పిల్లలకు కంప్యూటరు నేర్పే సారు పోయాడని మంగళవారం పొద్దున కబురొచ్చింది. నేను చిత్తూరులో రేడియోలు, టీవీలు బాగుచేసేవాణ్ని. చదివింది మూడో తరగతి. ఆరేండ్లుగా సారు మీద ఒక కోపం మోస్తున్నాను. నా చేతిపనిని ఆయన తన పనిగా చెప్పుకున్నాడని. శవం ముందు నిలబడ్డప్పుడు కూడా దాన్ని దించుకోలేదు.

తొంభైల మొదట్లో ఆయన టీవీకి తగిలించి వాడే కంప్యూటరొకటి తెచ్చాడు. బంగారుపాళ్యం మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో మూలన పడేసింది. మెమరీ చాలదన్నాడు. వారం రోజులు కూర్చుని, ఉన్న చిప్పుల మీద ఇంకో వరస చిప్పులు సోల్డరు పెట్టి రెండింతలు చేశాను. పక్కవీధి మెకానిక్ చూసి నేర్చుకోకుండా, వాటి మీది అంకెలు ఉప్పుకాగితంతో గీకేశాను. మా పనిలో అందరం చేసేదే. ఆ వారమంతా సారు నా పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. టీ వస్తే, ఎక్కువున్న గ్లాసు నా వైపు జరిపేవాడు. పాఠం చెప్పే మనిషి, నన్ను అడిగి అడిగి నేర్చుకున్నాడు.

తర్వాత ఇంటర్నెట్టు వచ్చింది. పాత కంప్యూటర్ల పిచ్చోళ్లంతా అందులో ఒకచోట రాసుకుంటారు. సారు మా పెట్టె సంగతి రాస్తే, అది జరిగే పని కాదన్నారు. లోపలి ఫోటో పెడితే, చిప్పుల మీద అంకెలేవి అన్నారు. చచ్చిన చిప్పులు అతికించిన మోసగాడన్నారు. సారు దగ్గరే చదువుకున్న తిరుపతివాడొకడు, మన చెవుల్లో తిరుచానూరు పూలన్నీ పెడుతున్నాడని రాశాడు.

సారు అంగడికొచ్చాడు. "ఏ చిప్పులు ఏసినావో ఒక కాగితం మీద రాసియ్యప్పా. నీ చేతిరాత ఉంటే సాలు."

"నా పేరు ఆడ రాసినారా సారూ?"

ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అయితే మీరే చేసినట్టుండాది గదా. మీరే రాసుకోండి."

ఆ పొద్దు సారును కూర్చోమని కూడా అనలేదు. ఆ రాసినోళ్లను నేను నాలుగు తిట్లు తిడితే మాత్రం అడ్డం పడ్డాడు. "రుజువు అడిగినోణ్ని తిట్టగూడదప్పా. పిల్లోళ్లకు నేను నేర్పిందే అది."

పదకొండో దినం సారు కూతురు ఆ రాతలన్నీ అచ్చుతీసి తెచ్చి, చదివి వినిపించింది. సారు రాసిన మొదటి వాక్యంలోనే నా పేరుంది. మూడో తరగతి చదివిన మెకానిక్ చేశాడని ఉంది. వాళ్లకు నవ్వొచ్చింది అక్కడే. మేకలు కాసుకునేవాడికి మెమరీ ఏం తెలుసని పేజీలకు పేజీలు. ఆ పేరు తీసేసి 'నేనే చేశాను' అను, నమ్ముతాం అని కూడా ఒకడు రాశాడు. సారు తీయలేదు. ఆ తిట్లు నాకు చెప్పనూ లేదు.

నాయన పోయినాడని ఆ బిడ్డ అక్కడే రాస్తే, తిరుపతివాడు కింద ఒక్క ముక్క రాశాడు: "ఫోటో పెట్టండి, నమ్ముతాం."

ఒరేయ్ తిరుపతోడా, ఆ బిడ్డ ఇచ్చిపోయిన పెట్టె ఇప్పుడు నా బల్లమీద ఉంది. సారు అడిగిన కాగితం వంకర అక్షరాలతో రాసి పెట్టాను. మెమరీ పెంచని నీ పాత పెట్టెలో పట్టని ప్రోగ్రాము తెచ్చి, నీ చేత్తోనే దీంట్లో ఎక్కించు. పట్టకపోతే నన్నూ మోసగాడని రాయి. పడితే, సారును మోసగాడన్నచోటే తప్పు నాదని రాయి. వస్తావా, రావా? వినాయక చవితి లోపల నాకు జవాబు కావాలి.