బ్యాండు మేళంతో రివర్స్

నలభై ఏళ్ల వయసులో బట్టల కొట్లో గుమాస్తా పని మానేసి, సొంత లారీ కొని నడుపుకోవాలని యూసుఫ్ ఉస్తాద్ దగ్గర డ్రైవింగుకు చేరాను. ముందుకు బాగానే పోయేవాణ్ణి. రివర్స్ అంటేనే చెమటలు పట్టేవి.

ఒక మధ్యాహ్నం మొఘల్‌పురా గల్లీలో ఉస్తాద్ లారీలోని సరుకు దింపి బయల్దేరాం. ఎదురుగా పెళ్లి బరాత్! గుర్రం మీద పెళ్లికొడుకు, ముందు బ్యాండు. బరాత్ వెనక్కి తిరగదు, మేమే లారీని వెనక్కి తీయాలి. నేను స్టీరింగ్ ఇవ్వబోతే ఉస్తాద్ కిందికి దూకేశాడు.

"రేపు నీ సొంత బండిల నేనుంటనా? ఫికర్ జెయ్యకు, అద్దంల చూస్కుంట రా!"

ఆయన వెనక నిలబడి "ఆనే దో, రానియ్ రానియ్" అంటుంటే అంగుళం అంగుళం జరిగాను. బ్యాండువాళ్లు ఆపితేగా! నా ముఖంలోకే చూస్తూ వాయించారు. ఏ గోడకూ గీత పడకుండా గల్లీ దాటేసరికి జనం ఒకటే చప్పట్లు.

"అన్నా, మస్తు తీసినవ్! దావత్‌కు రా!" అన్నాడు పెళ్లికొడుకు. వెళ్లి బిర్యానీ తిన్నాం.

మొన్న సొంత లారీ కొన్నాను. ఆ బ్యాండునే పిలిపించి, ఉప్పుగూడలో మా ఇంటిదాకా రివర్స్‌లోనే తెచ్చాను.

"గిదేంది, హారతి ఎటు ఇయ్యాలె?" అని మా ఆవిడ నవ్వింది.

లారీ వెనక ఉస్తాద్, "ఆనే దో" అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. అద్దంలో చూశాను.