మంచె దిగిన పిల్ల

మొన్న ఆదివారం ఖానాపురం హవేలిలో మా అమ్మాయి ఇంటికి వెళ్తే, మనవరాలు ముఖం వేలాడేసుకుని కూర్చుంది. వాళ్ల బడిలో వారానికొక పీరియడ్, మీకిష్టమైన పని మీరే ఎంచుకుని చేసుకోండని పిల్లలకు వదిలేస్తున్నారట. మరి దిగులెందుకే అంటే, "నాకు ఏదిష్టమో మమ్మీ ఇంకా చెప్పలేదు అమ్మమ్మా" అంది. నవ్వొచ్చింది, ఆ వెనకే మనసు చివుక్కుమంది.

పినపాక అవతల అడవి అంచు పల్లెలో పంతులమ్మగా చేరిన కొత్తలో నేనూ శుక్రవారం చివరి గంట పిల్లలకే వదిలేసేదాన్ని. ఇలాంటి గంటకు ఇప్పుడు పెడుతున్న పేర్లేవీ అప్పుడు మనకు తెలియవు. ఆ వేళకు పుస్తకం తెరిస్తే సగంమంది కునికేవాళ్లు, తోచింది చేసుకోనిస్తే మెలకువగానైనా ఉంటారని నా ఆశ. హెడ్మాస్టరు గారు దానికి కోతుల గంట అని పేరు పెట్టి, ఈ వారం ఎన్ని కొమ్మలు విరిగాయమ్మా అని నన్ను ఆటపట్టించేవారు.

ఆ తరగతిలో ఒక కోయ పిల్ల ఉండేది. జొన్న పాలుపోసుకునే రోజులొస్తే చిలకలను తోలడానికి మంచె ఎక్కేది, మళ్లీ కోతలయ్యాకే బడి ముఖం చూసేది. తల్లి లేదు, తండ్రి వెదురు నరికే కూలికి పోవాలి, ఇక చేను చూసేదెవరు? అప్పటికే చదువులో బాగా వెనకబడింది. ఈసారి మానితే ఇక రాదని నాకు భయంగా ఉండేది.

ఆ ఏడు శుక్రవారం గంటకు ఆ పిల్ల వెదురు బద్దలు, ఖాళీ నూనె డబ్బా తెచ్చుకుంది. గాలికి రెక్కలు తిరిగి పుల్ల డబ్బాను కొట్టాలి. డబ్బా మోగితే చిలకలు పోతాయి, చిలకలు పోతే తను బడికి రావచ్చు. రెక్క తిరిగితే పుల్ల తగలదు, పుల్ల తగిలితే రెక్క ఆగిపోతుంది, విప్పడం, మళ్లీ కట్టడం. పక్క గదిలో హెడ్మాస్టరు గారు చెవులు మూసుకున్నారే గాని ఆపమనలేదు. చివరికి డబ్బా మోగిన రోజు క్లాసు క్లాసంతా ఆ పిల్ల వెంట చేనుకు పరుగెత్తాం, నేనూ కుచ్చెళ్లెత్తి పట్టుకుని. చిలకల గుంపు ఒక్కసారిగా లేచిపోయింది.

వారం తిరక్కుండానే అవే చిలకలు డబ్బా మీద వాలి కంకులు ఒలుచుకు తిన్నాయి. పిల్లలు పడీపడీ నవ్వారు, ఆ పిల్ల నవ్వలేదు. మర్నాడు మంచె ఎక్కిందని తెలిసి నాకు అన్నం సహించలేదు.

సోమవారం పొద్దున, ఎన్నడూ బడి గడప తొక్కని వాళ్ల నాయన పిల్ల చెయ్యి పట్టుకుని వచ్చి వరండా కిందే నిలబడ్డాడు. "నిద్రల గూడ రెక్కలు గిట్ల కట్టాలె, గట్ల కట్టాలె అంటాంది పంతులమ్మా. చేను కాడ నేను కూసుంట. పిల్ల బడికొస్తది" అన్నాడు. కోతలయ్యేదాకా కూలి వదులుకుని తనే మంచె ఎక్కాడు.

ఇప్పుడు ఆ దారిన పోతే జొన్నచేలు కనపడవు, అన్నీ జామాయిల్ తోటలే. పిట్టల కోసం ఏ పిల్లా బడి మానక్కర్లేదు, అది మంచిదే. మనమూ మన పిల్లలకు అడిగినవీ అడగనివీ కొనిపెట్టాం. కాని తను చేసింది పనికిరాకుండా పోయాక కూడా పిల్లను నమ్మి తన పని మానుకున్న ఆ మనిషిలా, మనలో ఎవరమైనా నమ్మామా అనుకుంటే దిగులేస్తుంది.