బావ ప్యాంటు మీది టేపు

మా అక్క మొగుడు ఇంటర్నెట్ ఫైబర్ కేబుళ్లు అతుకుతాడు. రోడ్డు తవ్వేవాళ్లు కేబుల్ తెంపారంటే వీధి వీధంతా ఆయన మీద విరుచుకుపడుతుంది. బావ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు గుంత పక్కన గొడుగు వేసుకుని కూర్చుంటాడు. తీగ మీది పొర ఒలిచి, లోపలి గాజుపోగుని స్పిరిటుతో తుడిచి, కొసను తిన్నగా కోస్తాడు. రెండు కొసల్నీ మిషన్లో ఎదురెదురుగా పెడితే చిన్న మెరుపు వచ్చి, గాజు కరిగి ఒకటైపోతుంది. వెంట్రుకంత గాజుకి ఇంత హంగామానా అని ఆటపట్టించేవాణ్ణి.

కోసినప్పుడు పడే ముక్కలంటే మాత్రం ఆయనకు హడల్. ఒంట్లో దిగితే కంటికి కనపడవు. వాటికని ఒక డబ్బా ఉంది. ప్రతిసారీ దాని మూత తియ్యడానికి బద్ధకించి, తొడ మీద నల్లటేపు జిగురు పైకి వచ్చేలా చుట్టుకుని, ముక్కల్ని దానికే అంటించేవాడు. పని అయ్యాక టేపు పీకి డబ్బాలో పడేసేవాడు.

ఒక రోజు మరిచిపోయి ఇంటికొచ్చాడు.

మూడేళ్ల నా మేనకోడలు గుమ్మంలోనే ఆయన కాళ్లు వాటేసుకుంది. మరుక్షణం కెవ్వుమంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ భూతద్దం పెట్టి రెండు ముక్కలు తీసింది. మూడోది చూపుడువేల్లో విరిగిపోయింది. ఎక్స్‌రేలోనూ కనపడలేదు.

"కోసి వెతికితే పసివేలు పాడైపోతుందండీ. దానంతట అది రావాలి," అంది.

"ఎన్నాళ్లకి?" అని అడిగింది అక్క.

"చెప్పలేమండీ."

ఆ రాత్రి నేను బావని నాలుగు దులిపేద్దామనే వాళ్లింటికి వెళ్లాను. తీరా చూస్తే ఆయన లైటు కింద పాప వేలు పట్టుకుని, కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి వెతుకుతున్నాడు. పాప చెయ్యి లాక్కుంటోంది. నేను ఫోన్ లైటు వేసి దగ్గరగా పట్టుకున్నాను.

"ఊరందరివీ అతుకుతావు, ఆ ఒక్క ముక్కా తియ్యలేవా?" అని అక్క ఏడ్చింది.

"కనపడితేగా!" అన్నాడు బావ.

ఇప్పుడు డబ్బా లేనిదే పని ముట్టుకోడు. పెరటి వైపు నుంచి వచ్చి, బట్టలు బకెట్లో పడేసి, స్నానం చేశాకే లోపలికి అడుగు పెడతాడు. పాప వేలు ఇంకా వాచే ఉంది. నిన్న నేనక్కడే ఉన్నాను. బావ తల తుడుచుకుంటూ వచ్చి, కింద కూర్చుని చేతులు చాపాడు.

"రా తల్లీ. చూడు, అన్నీ మార్చేసుకున్నా."

పాప పరిగెత్తుకొచ్చినట్టే వచ్చి మధ్యలో ఆగిపోయింది. రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"వద్దు నాన్నా. నువ్వు గుచ్చుకుంటావు," అంది.

చాపిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో బావకి తెలియలేదు.