డాక్టర్‌సాబు ఫెయిల్ చేసిన పిల్లలు

చొప్పదండిలో మగ్గం నేసే సాంబయ్య కూతురు బాలలక్ష్మి నర్సు చదువుకు పోతానన్నప్పుడు వాడలో ఎవరూ మెచ్చుకోలేదు. పరాయి మగవాళ్ల ఒళ్లు తుడిచే పని అని ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. తల్లి శంకరవ్వ అలిగి అన్నం మానేసింది. సాంబయ్య ఒక్కడే కూతురి పక్షాన నిలిచాడు.

"మగ్గంతోటి మనం ఏం బాగుపడ్డం? పోనియ్యి బిడ్డను. దవఖాన్ల పని ఎన్నటికీ ఉంటది" అన్నాడు.

అది 1958. కరీంనగర్‌లో కొందరు పెద్దలు చందాలు వేసుకుని పెట్టిన ధర్మాసుపత్రి ఒకటి ఉండేది. దాని ఆవరణలోనే ఆడపిల్లలకు నర్సు చదువు, హాస్టలు. పక్కలు సర్దడం, కట్లు కట్టడం, సూది వెయ్యడం బాలలక్ష్మి చకచకా నేర్చుకుంది. ఎంతకీ కొరుకుడు పడనిది అనాటమీ, ఫిజియాలజీ. ఆ పుస్తకం ఇంగ్లిషులో ఉండేది. ఆమె మొదట చదివింది ఉర్దూలో. పోలీసు యాక్షను తర్వాత బడి తెలుగులోకి మారింది. రెండూ అరకొరగానే వచ్చాయి. ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని ఒక పేరు చదివేసరికి పాఠం పేజీ దాటిపోయేది.

ఆ పాఠం చెప్పేది డాక్టర్ రాజేశ్వర్‌రావు. ధర్మపురి వైపు దొరల ఇంటి మనిషి, హైదరాబాదులో చదివి వచ్చినవాడు. గంటసేపు ఇంగ్లిషులో గడగడా చెప్పి, చివర్లో చేతుల మీది సుద్దపొడి దులుపుకుంటూ "సమజైందా?" అనేవాడు. ఆయన పాఠంలో పిల్లలకు తెలిసిన మాట అదొక్కటే. కాలేదని ఎవరూ అనేవారు కాదు.

బాలలక్ష్మి పక్కన కూర్చునే పిల్ల దేవవ్వ. వాళ్లదీ ధర్మపురి వైపే. తండ్రి లింగమూర్తి రాజేశ్వర్‌రావు ఇంటి పొలాల్లో వెట్టి చేసినవాడు. దేవవ్వ చేతిలో ఏదో గుణం ఉండేది. ఎంత నొప్పితో మూలిగే రోగి అయినా ఆమె కట్టు కడితే ఊరుకునేవాడు. పాఠం మాత్రం ఇద్దరికీ ఒకలాగే అందేది కాదు. అర్ధసంవత్సరం పరీక్షలో ఇద్దరూ తప్పారు.

కాయితాలు ఇచ్చే రోజు రాజేశ్వర్‌రావు ఇద్దర్నీ ముందుకు పిలిచాడు. గోడవార వేలాడదీసిన అస్థిపంజరం భుజం మీద బెత్తంతో కొట్టి, "దీని పేరేంది?" అని దేవవ్వను అడిగాడు.

దేవవ్వకు ఆ పేరు తెలుసు. ఆ పొద్దునే బాలలక్ష్మికి తనే చెప్పింది. కానీ ఆ మనిషి ముందు నిలబడేసరికి అది నోటికి రాలేదు.

"తెల్వది దొరా" అంది.

సార్ అనబోయి దొరా అంది. రాజేశ్వర్‌రావు పకపకా నవ్వాడు.

"ఇన్నరా? దొర అంటుంది. ఈమె తండ్రి మా కొట్టంల పెండ తీసెటోడు. ఈమె డాక్టర్ల పక్కన నిలబడతదట. నవ్వుండ్రి! నవ్వనోళ్లు వచ్చి ఈమె పక్కన నిలబడాలె."

క్లాసు నవ్వింది. కొందరు తలలు దించుకుని నవ్వారు. దేవవ్వ చూపు నేల మీదే ఉంది. తర్వాత ఆయన బాలలక్ష్మి వైపు తిరిగాడు.

"నీకేందే, ఇంట్ల కూసోని మగ్గానికి కండెలు చుట్టుకోక?"

మర్నాడు దేవవ్వ రేకుపెట్టె పట్టుకుని బస్టాండుకు నడిచింది. బాలలక్ష్మి వెంట పడింది.

"ఇంకొన్ని దినాలు చూద్దామే. ఉండు."

"ఆయన మొకం చూస్తే మా బాపు వంగి నిలబడుడు యాదికొస్తుంది. నాతోని కాదు పిల్లా" అంది దేవవ్వ. బస్సు ఎక్కాక వెనక్కి తిరిగి చూడలేదు.

హాస్టలుకు తిరిగొస్తున్నంతసేపూ బాలలక్ష్మికి ఒకటే ఆలోచన. ఆ మనిషిని ఏం చెయ్యాలి? మొదట చేసింది చిల్లర పని. ఆయన కారు చెట్టుకింద ఆగి ఉంటే గోనెసంచులు కుట్టే దబ్బనంతో చక్రం పొడిచింది. గాలి పోయిన చప్పుడు వింటుంటే ప్రాణం హాయిగా అనిపించింది. కానీ రాజేశ్వర్‌రావు వచ్చి కాపలా అంజన్న చెంప పగలగొట్టాడు. ముసలివాడు చెంప పట్టుకుని నిలబడటం కిటికీలోంచి చూసి, అలాంటి పనులు మానేసింది. పగ మాత్రం మానలేదు. ఏ చదువు రాదని నవ్వించాడో అదే చదువుతో ఆయన్ని కొట్టాలనుకుంది.

వాళ్ల క్లాసులో అనసూర్య అనే పిల్ల మెట్రిక్ పాసైంది. ఆ రోజు నవ్వినవాళ్లలో ఆమె కూడా ఉంది. బాలలక్ష్మి నేరుగా ఆమె మంచం దగ్గరికి పోయింది.

"నువ్వు నవ్వినవ్. గా నవ్వుకు బదులు నాకు ఇంగ్లిషు చెప్పాలె."

అనసూర్య ముఖం ఎర్రబడింది. కాదనలేదు. ఆ రోజు నుంచి ఇద్దరూ బట్టలు ఉతికేటప్పుడు, వార్డులో పక్కలు మార్చేటప్పుడు పేర్లు వల్లె వేశారు. ఇంగ్లిషు పేర్లను తెలుగు అక్షరాల్లో రాసుకుని, మోచేయి మీదో మోకాలి మీదో వేలు పెట్టి చదువుకునేవారు. ఎముకలు వచ్చాయి. కండరాలు వచ్చాయి. గుండె దగ్గర బండి ఆగిపోయింది. నెత్తురు ఎటు నుంచి వచ్చి ఎటు పోతుందో బొమ్మ చూస్తే తెలిసేది కాదు. బాణం గుర్తులన్నీ కలగాపులగం.

"ఒసే, నువ్వు బొమ్మను చూసి పరేషాన్ అయితున్నవ్. అసలుదాన్ని చూస్తే?" అంది అనసూర్య.

ఆదివారం పొద్దున బాలలక్ష్మి కటికవాళ్ల దుకాణానికి పోయి మేక గుండె తెచ్చింది. హాస్టలు వెనక బట్టలు ఉతికే బండ మీద పెట్టి, పైనున్న పెద్ద గొట్టంలోకి చెంబుతో నీళ్లు పోసింది. నీళ్లు లోపలికి దిగలేదు. అక్కడే నిలిచిపోయాయి. వేలు పెట్టి చూస్తే పలచటి పొరలు మూడు, తలుపుల్లా మూసుకుని ఉన్నాయి. గుండె నుంచి పైకి పోయిన నెత్తురు మళ్లీ వెనక్కి రాకుండా ఆపేది ఇవేనన్నమాట!

"సమజైంది!" అని అరిచింది. ఆ మాట తన నోట వచ్చినందుకు ఆమెకే ఒళ్లు మండింది.

ఆ అరుపుకు వార్డెన్ ఇందిరాదేవి బయటికొచ్చింది. బండ మీద నెత్తురు చూసి గగ్గోలు పెట్టింది. విషయం రాజేశ్వర్‌రావు దాకా పోయింది. ఆయన క్లాసులో అందరి ముందూ, "కటిక పని మొదలుపెట్టినవా? అదైనా నేర్చుకో, పనికొస్తది" అన్నాడు. ఈసారి నవ్వమని చెప్పాల్సిన పని లేకుండానే కొందరు నవ్వారు. బాలలక్ష్మి ఒక్కొక్కరి ముఖమూ గుర్తుపెట్టుకుంది.

చివరి పరీక్ష కాయితాలు దిద్దేది హైదరాబాదు వాళ్లు. బాలలక్ష్మి పాసైంది. అనసూర్య తర్వాత ఆమెదే పేరు. ఆ వరుసను చదివి వినిపించాల్సింది రాజేశ్వర్‌రావే. ఆమె పేరు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

బ్యాడ్జీలు ఇచ్చే రోజు పందిరి వేశారు. సాంబయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. రాజేశ్వర్‌రావు ఒక్కొక్క పిల్లనూ పిలిచి బ్యాడ్జీ చేతికిస్తున్నాడు. బాలలక్ష్మి వంతు వచ్చింది. ఆయన చెయ్యి చాచాడు. ఆమె అందుకోలేదు. పక్కనున్న పళ్లెంలోంచి ఇంకో బ్యాడ్జీ తీసుకుని తనే పెట్టుకుంది.

"ఏంది గిది?" అన్నాడాయన పళ్ల బిగువున.

"దేవవ్వను నవ్వులపాలు చేసిన చెయ్యి సార్ అది. దాంట్లకెల్లి నేను తీసుకోను."

పందిరంతా ఆ మాట విన్నది. "ఎంత పని చేస్తివి బిడ్డా" అని సాంబయ్య ఇంటిదారి పొడవునా అంటూనే ఉన్నాడు. కానీ ఇల్లు చేరాక శంకరవ్వకు అంతా తనే చెప్పాడు. కూతురు వేదిక మెట్లెక్కిన తీరు, బ్యాడ్జీ తీసుకున్న తీరు చేతులు తిప్పుతూ చూపించాడు.

శిక్ష తప్పలేదు. ఆ ధర్మాసుపత్రికి ఆదిలాబాద్ అడవుల్లో, ఉట్నూరు అవతల చిన్న శాఖ ఉండేది. చలిజ్వరాల చోటని ఎవరూ పోయేవారు కాదు. బాలలక్ష్మిని అక్కడికి పంపారు. గోండు గూడేల వాళ్లు, మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడే రైతులు ఆమెను నర్సుబాయి అని పిలిచారు. ఆమెకు ఆ చోటు నచ్చింది. కానీ కరీంనగర్‌ను మరిచిపోలేదు.

ఒక ఏడాది తర్వాత కిష్టవ్వ అనే పిల్ల వచ్చింది. నర్సుగా కాదు, ఆయాగా. ఆ ఏడు నుంచి రాజేశ్వర్‌రావు చివరి పరీక్షకు ముందు తనే ఒక పరీక్ష పెట్టి, అందులో తప్పినవాళ్లను అక్కడికి ఆయా పనికి తోలేవాడు. మరుసటేడు కావాలంటే మళ్లీ పరీక్ష రాయొచ్చు. ఎవరూ రాసేవారు కాదు. సంగతి వినగానే బాలలక్ష్మి చేతిలో పని ఆపేసింది.

"ఎవరు ఫెయిల్ చేసిండ్రు నిన్ను?"

"డాక్టర్‌సాబు అక్కా."

"మల్ల రాయాలె నువ్వు."

"నాకు రాదక్కా."

"నీ కోసం వద్దంటె వద్దులే. నా కోసం రాయి."

ఆమె మెత్తగా చెప్పే పంతులమ్మ కాదు. తప్పు చెబితే కసిరేది, తిండి దగ్గర కూడా ప్రశ్నలు వేసేది. ఒకసారి కిష్టవ్వ కంచం పక్కకు నెట్టి, "నువ్వు గూడ ఆయన లెక్కనే చేస్తున్నవ్ అక్కా" అంది. బాలలక్ష్మికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. లేచి వెళ్లి బావిలో నీళ్లు తోడి తొట్టి నింపింది. తిరిగొచ్చాక గొంతు తగ్గించింది. పాఠం మాత్రం ఆపలేదు. కిష్టవ్వ పాసై అక్కడే నర్సుగా ఉండిపోయింది. ఆ తర్వాత ఇంకొక పిల్ల, ఆ తర్వాత ఇద్దరు. పాసైన కబురు వచ్చినప్పుడల్లా బాలలక్ష్మి రాజేశ్వర్‌రావు ముఖం ఊహించుకుని తృప్తిగా తలకు నూనె రాసుకునేది.

సెలవు దొరికినప్పుడు దేవవ్వను వెతుక్కుంటూ పోయింది. దేవవ్వ చాటలో ఆకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. చంటిపిల్ల ఒళ్లో ఉంది.

"నాతోని రా. నేను పాస్ చేయిస్త. ఆయన కండ్ల ముందట నిలబెడత నిన్ను."

దేవవ్వ చల్ల తెచ్చి ఇచ్చింది. ఆమె తాగేదాకా ఆగి అంది. "నీ కోపం నీకు తిండి పెడుతుంది. నాకు పెట్టలే. నన్ను అడగకు పిల్లా."

బాలలక్ష్మి ఆ దారంతా పళ్లు కొరుకుతూ వచ్చింది. దేవవ్వ మీద కాదు.

1967లో రాజేశ్వర్‌రావు ఆసుపత్రికి పెద్ద డాక్టరై, శాఖ చూడటానికి వచ్చాడు. జుట్టు నెరిసింది. వార్డులు చూశాడు, గర్భిణులతో మాట్లాడాడు, బాగుందన్నాడు. తెల్లబట్టల్లో వరుసగా నిలబడ్డ నర్సుల్ని చూసి నవ్వాడు.

"బాలలక్ష్మీ, అప్పుడు నేను గట్టిగ ఉండబట్టే నువ్వు గింతదానివైనవ్. ఒప్పుకుంటవా?"

ఎన్నో ఏళ్లుగా ఆయనకు చెప్పాలని దాచుకున్న మాటలు ఆమెకు చాలా ఉన్నాయి. చివరికి ఒకటే అడిగింది.

"దేవవ్వ యాదికున్నదా సార్?"

"ఏ దేవవ్వ?"

నిజంగానే గుర్తులేదు. అది ఆయన కళ్లలోనే తెలిసింది. తిట్టి ఉంటే బాలలక్ష్మికి ఇంత మంట పుట్టేది కాదు.

"మీ కొట్టంల పనిచేసిన లింగమూర్తి బిడ్డ. మీరు నవ్వుమంటె క్లాసంత నవ్వింది. ఇప్పుడు బీడీలు చేస్తుంది. మీ గట్టితనం ఆమెను ఏం చేసిందో గది గూడ జెప్పుండ్రి."

ఆయన గడియారం చూసుకున్నాడు. అప్పుడు కిష్టవ్వ ఒక అడుగు ముందుకేసింది.

"నన్ను గూడ ఫెయిల్ చేసినవ్ సార్. కిష్టవ్వను."

పక్కనున్న పిల్ల తన పేరు చెప్పింది. ఆ పక్కనున్న పిల్లా చెప్పింది. కొత్తగా వచ్చిన ఆయా గుమ్మంలోంచి, "నన్ను మొన్ననే చేసిండ్రు" అంది. వెంట వచ్చిన గుమాస్తా నేల చూపులు చూశాడు. రాజేశ్వర్‌రావు ముఖం నల్లబడింది. ఆయన కోసం వండిన భోజనం ముట్టకుండానే జీపు ఎక్కాడు.

బాలలక్ష్మిని దూరంగా బదిలీ చెయ్యాలని ఆయన రాశాడట. అంతకంటే దూరం పంపేందుకు వాళ్లకు మరో చోటు లేదు.

జీపు దుమ్ము అణిగాక ఆడవాళ్లంతా వంటింటి అరుగు మీద కూర్చుని ఆయన కోసం వండిన కోడికూర వడ్డించుకున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కిష్టవ్వ గరిటె పట్టుకుని అడిగింది.

"ఇగ కోపం చల్లారిందా అక్కా?"

"చల్లారలే" అంది బాలలక్ష్మి కంచం ముందుకు జరుపుతూ. "ఇంకో ముక్క వెయ్యి."